బాపు వెనక్కి వేసిన బరువు

మొన్న మా కాలనీ పార్కులో కొమ్మలు కొట్టించారు. గాలివానకు విరిగి వేలాడుతున్న కొమ్మలు, ఎండిన మట్టలు, ఎవరో గోడ మీది నుంచి విసిరేసిన పాత తలుపు చెక్కలు, అన్నీ ఒకచోట కుప్ప పోసి, వాటిని మోసుకుపోవడానికి ఒక చిట్టి ట్రాక్టరును తెచ్చారు. ఆటో కన్నా కాస్త పెద్దది, అంతే. దాని వెనక రెండే చక్రాల ట్రాలీ. నేను బాల్కనీలో టీ తాగుతూ చూస్తున్నాను. పనివాళ్ళు మొద్దులన్నీ ట్రాలీ తోక వైపే పేరుస్తున్నారు, అక్కడైతే చేతికి అందుతుంది కదా మరి. ముందు సగం ఖాళీ. ఊడ్చే ఆవిడ ఆ వెనకే, బయటికి పొడుచుకొచ్చిన మొద్దుల కింద వంగి ఆకులు ఎత్తుకుంటోంది. డ్రైవరు దిగి, ట్రాక్టరునూ ట్రాలీనీ కలిపే పిన్ను మీదికి సుత్తి ఎత్తాడు. ఆ తర్వాత నా చేతిలో కప్పు ఏమైందో నాకు తెలియదు. మెట్లన్నీ ఎలా దిగానో తెలియదు. అరుస్తూ వెళ్ళి ఆ ఊడ్చే ఆవిడను రెక్క పట్టుకుని పక్కకు లాగాను.

డ్రైవరుకు కోపం వచ్చింది. "రోజూ చేసే పనే మేడమ్" అన్నాడు. "రోజూ చేసే పని కాబట్టే చెప్తున్నా, ముందు ఆ మొద్దులు చక్రం ముందుకు జరిపించు" అన్నాను. అతను నన్నూ నా ఉత్త కాళ్ళనూ ఒకసారి చూసి, ఈవిడతో పెట్టుకుంటే మధ్యాహ్నం భోజనం కూడా ఉండదనుకున్నాడేమో, జరిపించాడు. పైకి వచ్చాక మా ఆయన పగిలిన కప్పు ముక్కలు ఏరుతూ, "మనుషులు చాలక కట్టెలతో కూడా తగాదానేనా" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. జవాబు చెప్పకపోవడం నాకు అలవాటు లేదు కనుక ఆయన భయపడి మళ్ళీ టీ పెట్టాడు. ఇన్నేళ్ళయినా, పిన్ను మీద సుత్తి దెబ్బ పడే చప్పుడు వింటే నాకు ఒళ్ళంతా చల్లబడుతుంది.

మాది దేవరకొండకూ మర్రిగూడకూ మధ్య ఒక మెట్ట ఊరు. జొన్న, ఆముదం, కంది. వాన పడితే పంట, లేకపోతే వచ్చే ఏడు చూద్దాం అనుకోవడం. ఎనభైల చివర్లో సంగతి ఇది. నేను నల్లగొండలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. మా ఊరి బోరింగు నీళ్ళు చూడటానికి స్ఫటికంలా ఉండేవి. వాటిని తాగిన వాళ్ళ పళ్ళు పసుపుగా మచ్చలు పడేవి, ఎముకలు బిగుసుకుపోయేవి, నడుములు వంగి మళ్ళీ లేచేవి కావు. ఫ్లోరిన్ మీద కాలేజీలో పరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను నేను. ఇంటికి వస్తే అదే ఫ్లోరిన్ మా అమ్మ నడుములో కూర్చుని ఉండేది. అమ్మ నిలబడితే, నేలలో ఏదో పారేసుకుని వెతుకుతున్న మనిషిలా ఉండేది. ఎవరైనా పిలిస్తే తలెత్తడానికి బదులు ఒళ్ళంతా పక్కకు తిప్పి కింద నుంచి పైకి చూసేది. మోకాళ్ళు కూడా సగానికి మించి ముడుచుకునేవి కావు.

అటువంటి మనిషి రోజూ తెల్లవారకముందే లేచి, ఊరి బయట సర్కారు తుమ్మల చాటుకు నడుచుకుంటూ పోవాలి. అక్కడ కూర్చోలేదు కనుక ఒక చెట్టు బోదె పట్టుకుని వేలాడాలి. ఇది చదివేవాళ్ళకు ఇబ్బందిగా ఉండవచ్చు. నాకు లేదు. ఇబ్బందంతా ఆవిడ పడింది, నేను రాస్తున్నానంతే. ఆ ఎండాకాలం సెలవులకు నేను వచ్చే ముందు, అమ్మ ఆ తుమ్మల్లో చెయ్యి జారి పడిపోయి, లేవలేక, పొద్దెక్కే దాకా అక్కడే ఉండిపోయిందని తెలిసింది. చెప్పింది అమ్మ కాదు, పక్కింటామె. ఆ రోజే నేను మా నాన్నతో, మేం బాపు అనేవాళ్ళం, తేల్చి చెప్పేశాను, దొడ్లో మరుగుదొడ్డి కట్టకపోతే తిరిగి హాస్టలుకు పోను, ఇక్కడే కూర్చుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీతో తగువాడతాను అని. బాపు నా చదువు కోసం ఒప్పుకున్నాడో, ఇంట్లో శాంతి కోసం ఒప్పుకున్నాడో గాని మొత్తానికి ఒప్పుకున్నాడు.

ఒప్పుకోనిది అవ్వ, బాపు వాళ్ళమ్మ. దొడ్లో మరుగుదొడ్డికి పనికొచ్చే మూల ఒకటే ఉంది. ఆ మూలన మా తాత కాలం నాటి నుంచి ఒక కట్టెల కుప్ప ఉంది. కుప్ప అంటే చిన్నది కాదు. అడుగున ఎప్పుడో కూలిన ఇంటి దూలాలు, వాటి మీద వేప మొద్దులు, తాటి మొద్దులు, విరిగిన నాగలి, దాని మీద ఏటేటా చేరిన ఆముదపు కట్టె, అన్నిటి మీదా ముండ్ల కంప. కింది కట్టెను మా బతుకులో పొయ్యిలో పెట్టింది లేదు, పైనుంచి తీయడం, పైన వేయడం. తేళ్ళు అందులో మూడు నాలుగు తరాలుగా కాపురముంటున్నాయి. అది అవ్వకు ఆస్తి.

"మీ తాత నాటి కుప్ప అది. గిప్పుడు దాన్ని తీసి ఆడ పాయిఖాన కడ్తరా? తినేది ఇంట్లనే, గదీ ఇంట్లనేనా? సదువుకున్న పోరివి, జర సిగ్గుండొద్దూ?"

"నీ కాళ్ళు నడుస్తున్నయి గనుక మాట్లాడుతున్నవ్ అవ్వా. అమ్మ నడుము చూసినవా?"

"నడుము వంగినోళ్ళు ఊర్ల నీ తల్లి ఒక్కతేనా?"

"అందరికీ కట్టాలె. ముందు మనింట్ల కడ్దాం, తర్వాత ఊరి మీద పడ్త."

అవ్వ మూడు పూటలు నాతో మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడం కూడా ఒక తగాదాయే, గిన్నెలు మోగుతుండేవి. మేస్త్రీది ఇంకో రకం అభ్యంతరం. అమ్మకు మోకాళ్ళు ముడవవు కాబట్టి కుర్చీ ఎత్తున గద్దె కట్టాలని నేనంటే, "గద్దె లెక్క కడ్తె ఊరంత నవ్వుతరు బిడ్డా" అన్నాడు. "నవ్వేటోళ్ళ మోకాళ్ళు మంచిగున్నయి కద మేస్త్రీ, నవ్వనియ్యి" అన్నాను. చివరికి ఒప్పుకుని, "బుధవారం పొద్దుగాల జాగా సాఫ్‌గ ఉంటే పని మొదలువెడ్త. లేదంటే హైదరాబాద్ పోత, మల్ల దసరాకే" అని చెప్పి వెళ్ళాడు. దసరా అంటే నడుమ వానాకాలం మొత్తం ఉంది. ఆ బురదలో, ఆ తుమ్మల్లో, అమ్మ. మంగళవారం సాయంత్రంలోగా ఆ కుప్ప కదలాలి. అంతే లెక్క.

మా బండితో ఆ కుప్పను కదిలించాలంటే వారం పడుతుంది. అందుకని దేవరకొండ నుంచి ట్రాక్టరు, దాని వెనక రెండు చక్రాల ట్రాలీ కిరాయికి తెచ్చాం. నడిపేది మేమంతా చాచా అని పిలిచే పెద్దాయన. మా కందులూ ఆముదాలూ అంగడికి మోసిన మనిషే, నేను పుట్టకముందు నుంచీ బాపుకు తెలుసు. అమ్మను "చెల్లె" అనేవాడు, అమ్మ "అన్నా" అనేది. గడ్డానికి గోరింటాకు పెట్టుకునేవాడు. ట్రాక్టరు మీద కూర్చుంటే పెళ్ళిలో పెద్దమనిషిలా నిటారుగా కూర్చునేవాడు.

ఇక్కడ మా బాపు గురించి చెప్పాలి. చుట్టుపక్కల ఊళ్ళలో బండి పేర్చడంలో మా బాపును మించినవాడు లేడు. చొప్ప గానీ, కట్టె గానీ, రాయి గానీ, బాపు పేర్చిన బండి కాడిని చిటికెన వేలితో ఎత్తవచ్చు. బరువంతా ఇరుసు మీద నిలబడి, కొంచెం, ఒక్క పిసరు వెనక్కి ఉండేది. ముందు నొగ మీద తోలే మనిషి కూర్చుంటే ఆ పిసరు కూడా సరిపోయి, ఎడ్ల మెడ మీద కాడి పువ్వులా ఆనేది. ఊళ్ళో అందరి ఎడ్ల మెడలూ కాయలు కాసి, పుండ్లు పడి ఉంటే మా ఎడ్ల మెడలు దూడల మెడల్లా నున్నగా ఉండేవి. పరాయి ఊరి మనుషులు అంగడిలో ఆగి ఆ మెడలు తడిమి చూసేవారు. అప్పుడు మా బాపు ఏమీ ఎరగనట్టు బీడీ ముట్టించుకునేవాడు, ముఖం మాత్రం వెలిగిపోయేది. నా చదువు గురించి ఎవరైనా పొగిడితే ఆ ముఖం అంతగా వెలగడం నేను చూడలేదు. ఈ మాట ఆయన బతికుండగానే ఆయనతో అన్నాను, ఆయన కాదనలేదు.

మంగళవారం పొద్దున కుప్ప ఇప్పారు. మొదటి ట్రిప్పు పైపైనున్న కంప, ఆముదపు కట్టె. అది తేలికే, కల్లం దగ్గర పోసి వచ్చారు. తేళ్ళ సంసారం చెల్లాచెదురైంది. అవ్వ చెప్పు పట్టుకుని వాటి వెంట పడుతూ, చంపిన ప్రతిదాని పేరునా నన్ను ఒక మాట అంటూ ఉంది. రెండో ట్రిప్పుకు దూలాలు, మొద్దులు మిగిలాయి. చాచా మధ్యాహ్నం నమాజుకని పక్కకు వెళ్ళాడు. ఆయన వచ్చేసరికి పేర్చి పెడదామని బాపు ఇద్దరు కూలీలను పెట్టుకుని ట్రాలీ ఎక్కాడు. ఎక్కి, తన చేతికి వచ్చినట్టు పేర్చాడు. బండికి పేర్చినట్టు. పొడుగు దూలాలు తోక బయటికి మనిషి పొడుగున పొడుచుకొచ్చాయి. తాటి మొద్దులు చక్రాల వెనక. తేలిక సామాను ముందు. అన్నిటి మీదా మిగిలిన ముండ్ల కంప వేసి మోకుతో బిగించాడు. చూడటానికి ఎంత అందంగా ఉందంటే, నేను కూడా మెచ్చుకున్నాను. నేను ఊరికే మెచ్చుకునే మనిషిని కాను.

చాచా వచ్చి ఒకసారి చూశాడు గాని, బాపు పేర్చినదానికి వంక పెట్టేవాడు ఆ తాలూకాలోనే లేడు. ఎక్కి స్టార్ట్ చేశాడు. బాపు బండి మీద కూర్చున్నట్టే ట్రాలీ ముందు పలక మీద కూర్చున్నాడు, కాళ్ళు కిందికి వేలాడేసి. చేతిలో చెర్నకోల లేదు, అంతే తక్కువ. ట్రాక్టరు గర్జించింది, రెండు బారలు పోయింది, ఆగింది. పెద్ద చక్రాలు ఉన్నచోటే తిరుగుతున్నాయి. ఎన్నో ఏళ్ళుగా కట్టె కుళ్ళి, చెద పట్టి, పిండిలా అయిపోయిన నేల అది.

"ఏంది తమ్మీ, ఎవరో ఎనకకెల్లి నన్ను లేపుతున్నట్టున్నది" అన్నాడు చాచా.

"లేపినట్టే ఉండాలె భాయ్. నీ బండి మెడ మీద బరువు పడొద్దనే గట్ల పేర్చిన" అన్నాడు బాపు, గర్వంగా.

చాచా నవ్వాడు. అందరం నవ్వాం. ట్రాక్టరుకు మెడేమిటని ఒక్కరమూ అడగలేదు. ఎడ్లయితే ఆ బరువు తేడాకు వెంటనే మెడలు పైకెత్తేవి, గొంతు కింది పట్టెడ బిగిసి గిలగిల్లాడేవి, బాపు దిగి సర్దేవాడు. ఇనుము ఏమీ చెప్పదు. ట్రాక్టరు దాని మానాన అది ఆ బరువును పట్టుకుని మొండిగా నిలబడింది.

ట్రాలీని విప్పి, ట్రాక్టరును గట్టి నేల మీదికి తీసుకుపోయి, గొలుసు కట్టి గుంజుదామన్నాడు చాచా. సరేనన్నారు. బాపు ముందు పలక మీది నుంచి దిగాడు. దిగి, బండి విప్పేటప్పుడు కాడి నేలకు పడకుండా గుంజ నిలబెడతారే, అలాగే ట్రాలీ ముందు కడ్డీ కింద ఒక మొద్దు నిలబెట్టాడు. చక్రాలకు రాళ్ళు పెట్టారు. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నారు. ముందు కడ్డీ కింద పడకుండా అన్ని జాగ్రత్తలూ. అది పైకి లేస్తుందని ఎవరికి తోస్తుంది?

పిన్ను రాలేదు. బిగుసుకుపోయింది. చాచా సుత్తి తెచ్చి ఒకటి కొట్టాడు. రెండోది కొట్టాడు. అప్పుడు ఫిరంగి పేలినట్టు చప్పుడైంది. ముందు కడ్డీ చాచా చెవి పక్క నుంచి ఆకాశంలోకి లేచిపోయింది. ఆయన టోపీ ఎగిరి ఎక్కడో పడింది. నా కళ్ళ ముందు ట్రాలీ ముందు భాగం కొండలా లేచింది, తోక బయటి దూలాల కొసలు దబ్బున నేలకు కొట్టుకున్నాయి. మోకు తెగింది. కంపంతా వెనక్కి జారింది. ఎర్రదుమ్ము లేచి, ఎవరికి ఎవరూ కనిపించలేదు. దుమ్ములో చాచా గొంతు, "యా అల్లా, యా అల్లా" అంటూ. ఆయనకేమీ కాలేదు. ఒక్క వేలెడు దూరంలో తప్పింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఊపిరి పూర్తిగా లోపలికి పోకముందే అవ్వ అరిచింది.

"కోడలేదిరా?"

అమ్మ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. కాదు, తెలుసు. ఆ క్షణంలో మా అందరికీ తెలిసింది. కట్టె ఎక్కడ కదిలినా దాని కింద రాలిన బెరడూ పుల్లలూ ఏరుకోవడం అమ్మకు అలవాటు. పొయ్యిలోకి చితుకుల ఖర్చు లేకుండా చూసుకునేది. ట్రాలీ ఆగగానే ఆవిడ వెనక నుంచి ఆ దూలాల కిందికి పోయి ఉంటుంది. వంగనవసరం లేకుండానే, ఎప్పుడూ వంగి ఉండే మనిషి కదా. ఇప్పుడు అక్కడ దూలాలు లేవు, అమ్మ లేదు. ఆ చోటంతా మనిషెత్తు ముండ్ల కంప.

"అమ్మా" అని పిలిచాను. జవాబు లేదు. బాపు పిలవలేదు. బాపు కదలలేదు. తాను నిలబెట్టిన గుంజ పక్కనే గుంజలా నిలబడ్డాడు, కళ్ళు మాత్రం పైకి, గాల్లోకి లేచిన ఆ కడ్డీ వైపు. నా బతుకులో నేను ఎంతో మందిని మాటలతో కొట్టాను. ఆ రోజు నా నోట్లో ఒక్క మాట లేదు. అవ్వ చేతులతోనే ముండ్ల కంప లాగుతోంది. నేనూ లాగుతున్నాను. నెత్తురు కారడం తర్వాత చూసుకున్నాం. కూలీల్లో ఒకతను "అయిపాయె, అయిపాయె" అంటున్నాడు. అతని నోరు మూయించడానికి కూడా నాకు గొంతు రాలేదు.

అప్పుడు కంప లోపలి నుంచి ఒక గొంతు. దుమ్ము మింగిన గొంతు, అయినా చిరాకు స్పష్టంగా వినబడే గొంతు.

"గట్ల మొత్తుకోకుండ్రి. చెవులు గుయ్యిమంటున్నయి. మీదికెల్లి గుంజితే ముండ్లన్ని నా మీదనే పడ్తున్నయి, పక్కకెల్లి గుంజుండ్రి."

ఆ మాటకు అవ్వ నేల మీద కూలబడి ఏడ్చింది. చాచా మాత్రం ఏడవడానికి ఎవరికీ వ్యవధి ఇవ్వలేదు. దూలాలను ఎవరూ ముట్టొద్దని అరిచాడు. పొడుగు దూలాల కొసలు ముందుగా నేలలో దిగబడి, ట్రాలీ అడుగు పలక పూర్తిగా కిందికి రాకుండా నిలబెట్టాయి. వాటికీ చక్రాలకూ మధ్య, చిన్న గుడిసెలాంటి సందులో అమ్మ ఉంది. ఒక్క దూలం జరిగితే ఆ గుడిసె కూలుతుంది. రాళ్ళు తెచ్చి రెండు పక్కలా పలక కింద పేర్చారు. మా ఊళ్ళో నీళ్ళు లేకపోవచ్చు గాని రాళ్ళకు కరువు లేదు. చక్రం పక్కన కంప తీస్తే ఒక మనిషి పట్టేంత దారి ఏర్పడింది. అందరిలోకీ సన్నంగా ఉన్నది నేనే. బోర్లా పడుకుని లోపలికి పాకాను.

లోపల చీకటిగా లేదు. కట్టెల సందుల్లోంచి ఎండ గీతలు గీతలుగా పడుతోంది, దుమ్ము ఆ గీతల్లో మెరుస్తోంది. పాత వేపకట్టె వాసన, ఇంజన్ నూనె వాసన. అమ్మ తన మామూలు వంగుడులోనే, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నిలబడి ఉంది. వీపుకూ ట్రాలీ అడుగు పలకకూ మధ్య బెత్తెడు ఎడం. ఆవిడ వెనక, చాచిన చెయ్యంత దూరంలో, దూలం కొస నేలలోకి మూరెడు లోతు దిగి ఉంది. నడుము లేచే మనిషైతే ఆ లోపలికి అలా నడిచి రాదు. బయటే నిలబడి చెయ్యి చాచి ఏరుకునేది. అక్కడ, ఆ దూలం దిగినచోట నిలబడేది.

"ఆగమాగం కాకు బిడ్డా" అంది అమ్మ నన్ను చూసి. "కాలు ఇరుక్కున్నది, జర చెప్పు ఊడదియ్యి." తీశాను. నన్ను ఊరడించడానికన్నట్టు అడిగింది. "మేస్త్రీ రేపు పొద్దుగాలనే గద వచ్చేది?"

దుప్పటి పరిచి, దాని మీద పక్కకు ఒరిగించి, బయటికి లాగాం. కొంగులో చితుకులు అలాగే ఉన్నాయి. వీపు మీద, చేతుల మీద ముళ్ళ గీతలు తప్ప ఏమీ లేదు. జనం పోగయ్యారు. అప్పుడు అవ్వ చేసిన పని చూసి నేను మళ్ళీ దిమ్మెరపోయాను, ఈసారి ఇంకో రకంగా. అవ్వ అమ్మ వంగిన నడుమును రెండు చేతులతో తాకి, ఆ చేతులు కళ్ళకద్దుకుంది. "గీ నడుమే నా కోడల్ని బతికిచ్చింది. సక్కగున్న నడుమైతే తలకాయ పలిగిపోతుండె" అంది. వచ్చినవాళ్ళందరూ అవునంటే అవునన్నారు. అప్పటిదాకా ఆ నడుమును చూసి జాలిపడ్డవాళ్ళు కూడా, దాన్నిప్పుడు దేవుడిచ్చిన వరంలా చూస్తున్నారు. ఒకామె ఏకంగా దణ్ణం పెట్టింది.

అక్కడ నాకు గొంతు తిరిగొచ్చింది. "ఏం బతికిచ్చింది? గా నడుము వంగకపోతే అమ్మ మందితోని సమానంగ నడుస్తుండె. పాయిఖాన అక్కర లేకపోతుండె, కుప్ప తీసుడు అక్కర లేకపోతుండె, ట్రాలీ వస్తుండెనా? మన బోరింగు నీళ్ళు ఆమెను సగం చంపి, గిప్పుడు మిగిలిన సగాన్ని బతికిచ్చినయని దానికి మొక్కుతున్నరా?" అని అరిచాను. ఒక్కరి దగ్గరా జవాబు లేదు. జవాబు లేని నిశ్శబ్దం అంటే నాకు చాలా ఇష్టం. దాన్ని అమ్మే చెడగొట్టింది.

"నువ్వే గెలిచినవ్ తియ్యి. గెలిచినదానివి జర గీ ముల్లు తియ్యి, అరికాల్ల ఇరిగింది."

ముల్లు తీస్తూ చుట్టూ చూస్తే బాపు లేడు. కొట్టంలో ఎడ్ల మధ్య నిలబడి ఉన్నాడు. ఒక ఎద్దు మెడ మీద చెయ్యి వేసి ఉంది, నిమరడం లేదు, ఊరికే వేసి ఉంది. చాచా వెనకాలే వచ్చి, "తమ్మీ, ఖుదా మంచిగ జూసిండు, లే" అన్నాడు. బాపు ఎవరితోనో గాని, "ఎడ్లయితే చెప్తుండె" అన్నాడు. పొద్దు వాలుతోంది. దొడ్లో ఆ మూలన ట్రాలీ, దూలాలు, కంప, అన్నీ కుప్ప కన్నా అధ్వాన్నంగా పడి ఉన్నాయి. మేస్త్రీ వచ్చి చూస్తే అటు నుంచి అటే హైదరాబాదు బస్సెక్కుతాడు. కూలీలు బాపు ముఖం చూసి, రేపు చూద్దామని తువ్వాళ్ళు దులుపుకుంటున్నారు.

అమ్మ మంచం మీద నుంచి లేచి, వంగి వంగి కొట్టం దాకా నడిచింది. ఎడ్ల మధ్యకు పోయి, కింద నుంచి పైకి బాపు ముఖంలోకి చూసింది. "నేను సావలే. నన్ను మల్ల గా తుమ్మలల్లకు తోలుతవా ఏంది? లేసి గా ట్రాలీ పేర్చు."

"నేను ముట్ట" అన్నాడు బాపు.

"నువ్వే ముట్టాలె. ఇంకొకల్లు పేరిస్తే నాకు భయమైతది."

అంతటి మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. కొద్దిసేపటి క్రితం తనను చంపబోయిన చేతినే అడుగుతోంది, మిగతావాళ్ళ చేతుల మీద నమ్మకం లేదని. బాపు వచ్చాడు. దూలాలు ఒక్కొక్కటి దింపి, ట్రాలీని నేలకు దించి, మళ్ళీ ట్రాక్టరుకు తగిలించారు. చాచా పక్కన నిలబడి చెప్పాడు, బరువు చక్రం ముందుండాలి, ట్రాక్టరు మీదికి ఆనాలి అని. బాపు మొదటి తాటిమొద్దు ఎత్తి, చక్రం దాటి ముందుకు తీసుకుపోయి, అక్కడ ఆగిపోయాడు. దించలేకపోయాడు. చిన్నప్పటి నుంచీ, మెడ మీద బరువు వేయడం పాపమని నేర్చుకున్న చేతులవి.

"ఏయ్యి తమ్మీ" అన్నాడు చాచా, మెల్లగా. "దీనికి మెడ నొయ్యదు. మీద బరువు పడితేనే దీనికి నేల దొరుకుతది."

బాపు దించాడు. ఆ తర్వాత ప్రతి మొద్దుకూ ఆయన ముఖం ముడుచుకుంటూనే ఉంది, నొప్పి తనకే అయినట్టు. అమ్మ ట్రాక్టరుకు ముందు, దూరంగా మంచం వేయించుకుని కూర్చుని, ఏ దూలం ఎటు వేయాలో పెత్తనం చేసింది. ట్రాలీ కదిలే ముందు బాపు ఎక్కకుండా దాని చుట్టూ ఒకసారి నడిచి, "ఎనక ఎవరున్నరు?" అని గట్టిగా అడిగాడు. ఎవరూ లేరు. మళ్ళీ అడిగాడు. ఆ పిలుపు ఆ రోజుతో పోలేదు. ఆ తర్వాత ఎడ్లబండి విప్పాలన్నా, ఖాళీ బండైనా, బాపు అలా అడిగేవాడు. కొన్నాళ్ళకు ఊరంతా అడగడం మొదలుపెట్టింది, ఎందుకో తెలియనివాళ్ళు కూడా. ఈసారి చక్రాలు నేలను పట్టుకున్నాయి. ట్రాక్టరు ఒక్క ఊపులో దొడ్డి దాటింది. పొద్దు గూకేసరికి ఆ మూల, మా తాత కాలం తర్వాత మొదటిసారి, ఖాళీ నేలగా కనబడింది.

మేస్త్రీ మాట నిలబెట్టుకున్నాడు. గద్దె కట్టాడు. ఊరివాళ్ళు కొంతమంది వచ్చి చూసి నవ్వారు, మరికొంతమంది నవ్వకుండా కొలతలు తీసుకుపోయారు. వాళ్ళ ఇళ్ళల్లోనూ వంగిన నడుములున్నాయి. అవ్వ రెండేళ్ళు దాన్ని ముట్టలేదు. మూడో ఏడు జారిపడి తుంటి విరిగాక అందులోకే వెళ్ళింది, నా వైపు మాత్రం చూడకుండా. బాపు తర్వాత తర్వాత ట్రాలీ పేర్చడంలో కూడా పేరు తెచ్చుకున్నాడు గాని, ఎవరైనా పొగిడితే బీడీ ముట్టించుకునేవాడు కాదు, అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోయేవాడు. అమ్మ ఆ గద్దె మీద ఇరవై ఏళ్ళకు పైగా మహారాణిలా కూర్చుంది. ఆ మాట ఆవిడే అనేది.

నిన్న రాత్రి ఇదంతా రాసి, ఒకసారి చదువుకుంటే ఒక సంగతి తట్టి, కలం పక్కన పెట్టేశాను. అమ్మను మొదటి నుంచీ చివరి దాకా ఒక ముసలావిడలా రాసుకుంటూ వచ్చాను. అప్పుడు నా కళ్ళకు అలాగే కనబడింది మరి. లెక్క వేసి చూస్తే, ఆ మంగళవారం నాటికి ఆవిడకు నలభై దాటి ఏడాదో, రెండేళ్ళో. నేను ఆ వయసు దాటి చాలా కాలమైంది. నేను ఇప్పటికీ నమ్మలేనిది ఆ ట్రాలీ లేవడం కాదు. ఇవాళ ఆ కంపలోంచి అమ్మ ఆ వయసుతోనే వంగి వంగి బయటికి వచ్చి, నన్ను కింద నుంచి పైకి చూస్తే, "బిడ్డా" అనదు, "అక్కా" అని పిలుస్తుంది.